విరిగిన సూది మూడో ముక్క

ఇరవై రెండేళ్ళుగా తెలుగు పాఠాలు చెప్తున్నాను. పిల్లలు నాకు పెట్టిన పేరు ఎర్రసిరా. నా ఎదుట అనరు గానీ బాత్రూం గోడ మీద రెండుసార్లు చదివాను. చేతిరాత గుర్తుపట్టి కూడా పోనీలే అని ఊరుకున్నాను. నా కోపం సంగతి బడి అంతటికీ తెలుసు. పిల్లలు అబద్ధాలు రాస్తారనీ, అవి నాకు పడవు గనకే కోపం వస్తుందనీ చెప్పుకుంటూ ఉండేదాన్ని. ఈ ఏడాది ఒక పిల్ల నిజం రాసింది. దాన్ని చదివి నేను చేసిన నిర్వాకం చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ఆ పిల్ల అప్పటికి తొమ్మిదో తరగతి. పరీక్షల్లో అందరూ కాగితాలిచ్చి బయటపడ్డాక కూడా రాస్తూనే ఉంటుంది గనక తోటివాళ్ళు నత్త అంటారు. ఆ పేరుకు తనేమీ నొచ్చుకోదు. "నత్తా, గంట కొట్టేశారే" అంటే "కొట్టనీ" అంటుంది. తల్లి ఊరి చివర బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేస్తుంది. మా బడిలో సగం మంది పిల్లల తల్లులు అక్కడివాళ్ళే. తండ్రి ఇంకో ఊళ్ళో ఇంకో సంసారంతో ఉన్నాడు. బడి రికార్డులో ఆ సంగతి లేదు గానీ అందరికీ తెలుసు. ఇంట్లో తల్లి, నత్త, చెవి సరిగా వినపడని అమ్మమ్మ. ముగ్గురికీ ఆధారం ఆ ఉద్యోగమే.

బడి తెరిచిన మొదటి వారం "మా అమ్మ" అని వ్యాసం రాయమన్నాను. నలభై రెండు మంది నలభై రెండు కాగితాలిచ్చారు. అన్నింటిలోనూ ఒకే అమ్మ. ఆవిడ కొవ్వొత్తిలా కరుగుతుంది, చల్లని నీడనిస్తుంది, ఆవిడ ప్రేమ సముద్రమంత. నత్త అయితే ఆ కొవ్వొత్తిని నాలుగు పేజీలు కరిగించింది. పదికి మూడు వేసి కింద రాశాను: "ఈవిడెవరో నాకు తెలీదు. నీకూ తెలీదు."

సాయంత్రం స్టాఫ్‌రూం గుమ్మంలో నిలబడింది, ముఖం కందగడ్డలా చేసుకుని.

"పోయినేడాది ఇదే రాస్తే ఎనిమిది వేశారు మేడం."

"పోయినేడాది వేసింది నేను కాదు."

"మరి ఏం రాయమంటారు?"

"ఇంటికెళ్ళి మీ అమ్మని చూడు. చూసింది రాయి. రోజుకి ఐదు వాక్యాలు. ఆరోది రాశావో, చింపేస్తా."

మర్నాడు చిన్న నోటుపుస్తకం తెచ్చింది. "అమ్మ వచ్చింది. చాలా అలసిపోయింది. నాకు బాధ వేసింది." మూడే వాక్యాలు. "అలసిపోయిందని నీకెలా తెలిసింది?" అని రాసి ఇచ్చేశాను. ఆ మర్నాడు తెచ్చింది ఇది: "అమ్మ గుమ్మంలో కూర్చుని ఒక చెప్పు విప్పింది. రెండోది విప్పడం మర్చిపోయి అలాగే లోపలికొచ్చింది."

టీ చల్లారిపోయేదాకా ఆ రెండు వాక్యాల వైపే చూస్తూ కూర్చున్నాను. పక్క కుర్చీలో లెక్కల మాస్టారికి చూపిస్తే, ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివి, "ఇంతకీ రెండో చెప్పు విప్పిందా లేదా?" అన్నాడు. లెక్కల వాళ్ళతో వచ్చే చిక్కే ఇది.

అప్పట్నుంచి రోజూ ఉదయం ఆ పుస్తకం నా టేబులు మీదికి, సాయంత్రం నత్త సంచిలోకి. మొదటి మూడు నెలలూ నేను కొట్టేసిందే ఎక్కువ. అందమైన మాట కనిపిస్తే చాలు, గీత పెట్టేదాన్ని. ఆ పిల్ల ముఖం గంటు పెట్టుకునేది గానీ మర్నాడు మళ్ళీ తెచ్చేది. ఎక్కడ ఆపాలో మెల్లగా పట్టుబడింది. మనుషులు ఎలా మాట్లాడతారో చెవికెక్కింది. "మా అమ్మమ్మకి ఏదీ వినపడదు, తన గురించి గుసగుసలాడితే తప్ప" అని రాసినరోజు క్లాసులో పాఠం మధ్యలో గుర్తొచ్చి నవ్వాను. నలభై రెండు మందీ బిత్తరపోయారు, ఎర్రసిరా నవ్విందని.

అర్ధ సంవత్సరం పరీక్షలు అయ్యేసరికి నాతో వాదనకు దిగేంత అయింది. నేను కొట్టేసిన మాటను మర్నాడు మళ్ళీ అక్కడే పెట్టి తెచ్చేది. "ఉండాలి మేడం" అనేది, అంతే. రాసింది పెదాలు కదుపుతూ తనకు తాను చదువుకునేది. ఏదో ఒక మాట దగ్గర ఆగి, మొహం చిట్లించి, కొట్టేసేది. నా చేతిలో ఎర్రపెన్ను ఖాళీగా ఉండే రోజులొచ్చాయి. అబద్ధమెందుకు, గర్వంగా ఉండేది. ఇరవై రెండేళ్ళలో ఒక్కరు దొరికారు అనుకునేదాన్ని. నాకు దొరికిన వస్తువు లాగే చూసేదాన్ని కూడా. ఆ సంగతి తర్వాత అర్థమైంది.

ఫిబ్రవరి మొదటివారంలో ఒకరోజు పుస్తకంలో ఐదు వాక్యాలకు బదులు మూడు పేజీలున్నాయి. చింపలేదు. చివరి భాగం ఇలా ఉంది:

"మంగళవారం అమ్మ సూది విరిగింది. ఫ్యాక్టరీలో సూది విరిగితే ముక్కలన్నీ వెతికి, కాగితం మీద టేపుతో అంటించి చూపించాలి. అన్నీ కలిపితే పూర్తి సూది అవ్వాలి. అప్పుడే కొత్త సూది ఇస్తారు. అమ్మకి రెండు ముక్కలు దొరికాయి. మూడోది, మొన, దొరకలేదు. లైనంతా ఆగింది. సూపర్‌వైజరు నెత్తిమీద నిలబడి అరుస్తున్నాడు. ఇంట్లో మిషను మీద విరిగిన సూది మొన ఒకటి అమ్మ సంచిలో ఉంది. అమ్మ దాన్ని తీసి అంటించింది. అతికింది. కొత్త సూది ఇచ్చారు. ఇంటికొచ్చాక అమ్మ అయస్కాంతంతో తన బట్టలు వెతికింది. చెప్పుల అడుగులు వెతికింది. జుట్టు విప్పి నన్ను వెతకమంది. లేదు. 'అయితే గౌన్లోనే ఉంది' అంది. అవి ఆరు నెలల పిల్లల గౌన్లు."

నేను "అతికింది" అన్న మాట పక్కన పెద్ద టిక్కు పెట్టాను. "ఈ ఒక్క మాట చాలు. ఇదీ రాత!" అని రాశాను. ఇది చదివేవాళ్ళు నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి. ఎక్కడో ఒక పసిపిల్ల మెడ కింద ఇనుప మొన ఉండబోతోందని చెప్పే వాక్యాలు చదివి, నేను వాక్యం పొడవు చూశాను.

అంతటితో ఆగానా? లేదు. బడుల మధ్య వ్యాసాల పోటీకి గడువు ఆ రోజే ముగుస్తోంది. ఆ మూడు పేజీలూ తెల్లకాగితాల మీదికి నేనే ఎక్కించి, పైన "విరిగిన సూది" అని పేరు పెట్టి, కింద ఆ పిల్ల పేరు, తరగతి రాసి పంపేశాను. పిల్లని ఒక్క మాట అడగలేదు. అడగాలని తట్టనైనా లేదు.

మూడో వారం సోమవారం ప్రార్థన సమయంలో హెడ్మాస్టరు మైకు పట్టుకున్నారు. మన బడికి మొదటి బహుమతి వచ్చింది, ఆనవాయితీ ప్రకారం శుక్రవారం వార్షికోత్సవంలో రాసిన పిల్లే వేదిక మీద చదవాలి, తల్లిదండ్రులందరూ రావాలి అన్నారు. ఆ ఏడు ముఖ్య అతిథి బట్టల ఫ్యాక్టరీ మేనేజరు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నత్త కొట్టలేదు. నేను నవ్వుతూ చూస్తున్నాను, ఆ పిల్ల ముఖంలో రక్తం లేదు.

వరండాలో నన్ను ఆపింది.

"ఎవరిచ్చారు మేడం?"

"నేనే ఇచ్చాను. మొదటి బహుమతే, తెలుసా? ఎంతమంది పోటీ పడ్డారో?"

"అది మీకు చూపించాను." గొంతు పైకి లేవలేదు. "మీకు."

అప్పటికీ నాకు సగమే ఎక్కింది. ముక్కలు మార్చిన సంగతి తెలిస్తే తల్లి ఉద్యోగం పోతుంది, అదీ తన భయం అనుకున్నాను. అందుకే తేలిగ్గా అన్నాను, "దానికేముందే, అందులో మీ అమ్మ పేరు లేదుగా."

"నా పేరుంది కదా మేడం. అమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. మేనేజరుగారు స్టేజీ మీద కూర్చుంటారు. నేను మధ్యలో నిలబడి చదవాలి."

వెంటనే హెడ్మాస్టరు గదికి వెళ్ళాను. కార్డులు అచ్చయిపోయాయి, వ్యాసం పేరుతో సహా, ఇప్పుడు తీసేస్తే నలుగురూ ఏమంటారు అన్నారు. కారణం చెప్పమన్నారు. చెప్తే తల్లి సంగతి బయటపడుతుంది. నీళ్ళు నమిలి బయటికొచ్చాను. నత్తతో, "కథలా మార్చి రాసుకురా, శుక్రవారం దాన్నే చదువుదువు గాని" అన్నాను.

బుధవారం తెచ్చింది. కథ బాగా కుట్టింది. ఆఖర్న మొన తల్లి ఏప్రను మడతలో దొరుకుతుంది, ఇద్దరూ నవ్వుకుంటారు. నాకు అలవాటు పోదు కదా, ఎర్రపెన్ను తీశాను.

"అంతా బాగుంది గానీ, చివర మాత్రం అబద్ధంలా ఉందే."

"అబద్ధమే మేడం. దొరకలేదు."

"అంటే..."

"నిజంగా దొరకలేదు. పదిహేను రోజులైంది."

పెన్ను మూత పెట్టాను. "ఆ గౌన్లు ఎక్కడున్నాయి?"

"గోడౌన్లో. అట్టపెట్టెల్లో పెట్టి సీలు వేసేశారు. శనివారం లారీ వస్తుందట."

అప్పుడు భయం వేసింది. నిజమైన భయం. మూడు పేజీల్లో రెండు వారాలుగా నా ముందే ఉన్న సంగతి అది. ఈ పిల్ల అన్ని రోజులూ నా వ్యాకరణం పాఠాలు వింటూ కూర్చుంది. సహాయం అడగడానికే ఆ మూడు పేజీలూ తెచ్చిందేమో. నేను టిక్కు పెట్టి తిరిగిచ్చాను.

గురువారం బడి అవగానే ఆ ఇంటికి వెళ్ళాను. మేడ మీద రెండు గదులు. ముందు గదిలో కిటికీ పక్కన పాత కుట్టుమిషను, దాని ముందు తల్లి. ఇరుగుపొరుగు వాళ్ళ బట్టలేవో సరిచేస్తోంది. మంచం మీద అమ్మమ్మ.

"ఎవరే ఈవిడ?" అంది అమ్మమ్మ.

"మా టీచరు అమ్మమ్మా!" నత్త అరిచింది.

"ఏం, తప్పావా?"

"తప్పలేదు, ఫస్టొచ్చా!"

"దానికా ఇంత ముఖం వేలాడేసుకుని వచ్చింది?" అని అమ్మమ్మ అటు తిరిగి పడుకుంది.

తల్లి నవ్వలేదు. "ఆ కుర్చీ మీద బట్టలు తీసేసి కూర్చోండి మేడం" అంది. కూతురు సోమవారమే అంతా చెప్పేసిందట.

"తప్పు నాదేనమ్మా" అని మొదలుపెట్టాను.

"మీదెందుకవుతుంది? సూది నాది, చెయ్యి నాది." దారం కొరికి తెంపింది. "కానీ నిజం రాయమన్నది మీరేనటగా. రాసింది. రేపు నన్ను పొమ్మంటే మేం ముగ్గురం ఏం చెయ్యాలి? మీ క్లాసులో కూర్చుని ఐదేసి వాక్యాలు రాసుకుంటూ బతకాలా?"

ఎవరూ నాతో అలా మాట్లాడరు. మాట్లాడనివ్వను. ఆవేళ తల వంచుకుని విన్నాను.

"పోతూ పోతూ మిషను పట్టుకుంటుందిలే అనుకున్నా" అంది ఆవిడే మళ్ళీ. "పెట్టెల్లో పెట్టే ముందు అన్నీ ఒక మిషన్లోంచి పోతాయి. ఇనుము ఉంటే కూస్తుంది. ఆ రెండ్రోజులూ దాన్ని ఆపేశారని తర్వాత తెలిసింది. ఊరికే కూస్తోంది, సరుకు కదలట్లేదు, ఆపండని మేనేజరుగారే అన్నారట."

"మరి ఇప్పుడు వెళ్ళి చెప్తే?"

"చెప్తే, దొంగ ముక్క అంటించినదానివి అని గేటు చూపిస్తారు. పదకొండేళ్ళు మేడం ఆ మిషను మీద. చెప్పకపోతే..." చేతిలో బట్ట మడత విప్పి, మళ్ళీ అదే మడత పెట్టింది. "చెప్పకపోతే ఎవరికీ తెలీదు. నాకు తప్ప. దీనికి తప్ప. ఇప్పుడు మీకు."

ఒక బిడ్డను ఎత్తుకున్నవాళ్ళెవరో మెట్లు దిగుతున్నారు, ఆ బిడ్డ ఏడుపు కిందిదాకా వినిపించింది. తల్లి కూతురి వైపు తిరిగింది.

"ఏం రాశావో చదువు."

"అమ్మా..."

"మీ మేడం చదివారు. ఎవరో ముగ్గురు మాస్టర్లు చదివి బహుమతి కూడా ఇచ్చారు. నేనే వినలేదు. చదువు."

నత్త నోటుపుస్తకం తీసింది. నిలబడే చదివింది. తల్లి పాదం మిషను తొక్కుడు మీదే ఉంది, కదల్లేదు. "అతికింది" దగ్గర కళ్ళు మూసుకుంది. నేను టిక్కు పెట్టిన మాట అది. "అవి ఆరు నెలల పిల్లల గౌన్లు" అని ముగించేసరికి ఆవిడ అంది:

"లేత ఆకుపచ్చవి. అది రాయలేదేం?"

"నేను చూడలేదు కదమ్మా."

"నేను చూశాగా. కట్ట నెంబరు నూటపదిహేడు. నలభై గౌన్లు. మెడ పట్టీ కుడుతుంటే విరిగింది. పదకొండూ పదికి." ఒక్క గుక్కలో చెప్పేసింది. పదహారు రోజులూ లోపల అదే తిప్పుకుంటోందని అర్థమైంది. తర్వాత ఏడ్చింది. ఏడుస్తూనే అంది, "కాగితం తియ్యవే. నేను చెప్తా, నువ్వు రాయి."

నత్త కాగితం తీసింది. నేను ఊరుకోలేక, "గౌరవనీయులైన మేనేజరుగారికి, తమ దయ వలన, అని మొదలుపెట్టు" అన్నాను.

"మేడం, మీరాగండి" అంది నత్త. కసిరినట్టు కాదు. పనిలో ఉన్న మనిషి పక్కవాళ్ళని జరగమన్నట్టు అంది. నేను జరిగాను.

ఆ ఉత్తరం ఇది:

"మూడో లైను, తొమ్మిదో మిషను. ఈ నెల మొదటి మంగళవారం ఉదయం పదకొండూ పదికి నా సూది విరిగింది. మొన దొరకలేదు. నేను వేరే మొన అంటించి చూపించాను. అది తప్పు. అసలు మొన నూటపదిహేడో కట్టలో ఉండొచ్చు. లేత ఆకుపచ్చ గౌన్లు, నలభై, ఆరు నెలల సైజు. మెడ పట్టీ దగ్గర చూడండి. శనివారం లారీ ఎక్కకముందే చూడండి."

తొమ్మిది వాక్యాలు. కొట్టేయడానికి నాకేమీ దొరకలేదు. వెతకలేదు కూడా. తల్లి సంతకం పెట్టింది.

"ఏం రాస్తున్నారే?" అంది అమ్మమ్మ మంచం మీదనుంచి.

"అమ్మ తప్పు చేసిందని!" నత్త అరిచింది.

"ఎవరు చెయ్యలేదట?" అంది అమ్మమ్మ.

శుక్రవారం ఉదయం తల్లి ఆ కాగితం మేనేజరు చేతికే ఇచ్చింది. మధ్యాహ్నానికల్లా పెట్టె వెతికి తెరిచారు. ఒక్కొక్క గౌనూ ఇనుము పట్టే మిషను కింద పెట్టారు. ముప్ఫై ఒకటో గౌను కూసింది. మెడ పట్టీ మడతలో, బియ్యపు గింజలో సగమంత ముక్క. మేనేజరు దాన్ని టేపుతో కాగితానికి అంటించి సొరుగులో పెట్టి, తల్లితో అన్నాడట: "ఇంటికెళ్ళు. నీ సంగతి సోమవారం చూస్తా. ఈ మాట గేటు దాటితే మాత్రం ఇక రానక్కర్లేదు."

మూడున్నరకు తల్లి బడి గేటు దగ్గర ఈ ముక్క నాకు చెప్పింది. నాలుగింటికి వార్షికోత్సవం. కాలుగాలిన పిల్లిలా నత్త కోసం తిరిగాను. నీళ్ళ కుళాయిల దగ్గర దొరికింది. "జ్వరమని చెప్పు, నేను చూసుకుంటా" అన్నాను.

"నాకు జ్వరం లేదు మేడం."

"కథ తెచ్చావా? ఏప్రన్లో దొరికిన కథ?"

"రెండూ తెచ్చా" అని వెళ్ళిపోయింది.

హాలు నిండిపోయింది. ముందు వరసల్లో తల్లులు, చాలామంది ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చినవాళ్ళే. బట్టల మీద ఇంకా దారప్పోగులున్నాయి. నత్త తల్లి ఒక చివర కూర్చుంది. నేను వేదిక మీద టీచర్ల వరసలో. మేనేజరు మంచి వక్త. పిల్లల చదువు గురించి చెప్పి, తమ ఫ్యాక్టరీ గురించి చెప్పాడు. "మా దగ్గర నాణ్యత అంటే ప్రాణం. ఇవాళే ఒక సూది ముక్క పట్టుకున్నాం. మా మిషన్లు దేన్నీ వదలవు" అన్నాడు. చప్పట్లు. తల్లి కూడా కొట్టింది. పక్కవాళ్ళు కొడుతుంటే కొట్టకుండా ఎలా ఉంటుంది? ఏడాది పొడుగునా పిల్లలకు నిజం, నిజం అని చెవిలో పోరిన నేను, ఆ కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నాను. సిగ్గేసింది. అయినా లేవలేదు.

"ఇప్పుడు మొదటి బహుమతి పొందిన వ్యాసం, 'విరిగిన సూది'" అన్నారు హెడ్మాస్టరు.

మేనేజరు నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. నత్త మెట్లెక్కి వచ్చింది. చేతిలో కాగితాలు. ఏ కాగితాలో నాకు కనిపించడం లేదు. మైకు తన ఎత్తుకు దించారు. అది ఒకసారి గీపెట్టి ఊరుకుంది. హాలు సద్దుమణిగింది. నత్త చదవలేదు. అలాగే నిలబడింది. పది అంకెలు లెక్కపెట్టాను, ఇరవై లెక్కపెట్టాను. ఎవరో పిల్లలు కిసుక్కున నవ్వారు. హెడ్మాస్టరు దగ్గి, "చదువమ్మా" అన్నారు. కథ చదివెయ్యవే తల్లీ, అని లోపల మొక్కుకున్నాను. నేనే, ఎర్రసిరానే, అబద్ధం చదవమని మొక్కుకున్నాను.

నత్త మైకు వదిలేసి పక్కకు నడిచింది. నాలుగడుగులు వేసి మేనేజరు కుర్చీ ముందు ఆగింది. కాగితాలు రెండు చేతులతో ఆయనకు అందించింది.

"ఇది మీరు చదవాలి సార్" అంది. మైకు లేదు. వేదిక మీద ఉన్న మాకే వినపడింది.

మూడొందల మంది చూస్తుండగా ఆయన తీసుకోక ఏం చేస్తాడు? తీసుకున్నాడు. చదివాడు. నా కుర్చీలోంచి కాగితం మీద నా చేతిరాత కనిపిస్తోంది. పోటీవాళ్ళు తిప్పి పంపిన, నేను ఎక్కించిన మూడు పేజీలే, వాటికి నాలుగోది చేర్చింది. ఆ నాలుగో పేజీ ఏమిటో తర్వాత తెలిసింది. ఆపేసిన మిషను సంగతి, ఎవరు ఆపమన్నారన్న సంగతి, అదీ తల్లి చెప్పిన మాటల్లోనే. ఆయన ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి. తల్లి వైపు చూశాడు. తల్లి ఆయన్నే చూస్తోంది. లెక్కల మాస్టారు నా చెవిలో "ఏం జరుగుతోంది?" అన్నాడు.

ఆయన కాగితాలు నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకున్నాడు. లేచి నత్త చేతిలో బహుమతి పెట్టాడు. మైకు దగ్గరికి వెళ్ళి, "చాలా బాగా రాసింది" అన్నాడు. ఇంకేదో అనబోయి, "నేను ఇంటి దగ్గర ఇంకోసారి చదువుతాను" అని కూర్చున్నాడు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం సగం సగం కొట్టారు.

కిందికి దిగాక నత్తని పట్టుకున్నాను.

"బెదిరించావే ఆయన్ని?"

"లేదు మేడం." నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఆయనకే కదా తెలియాల్సింది. మిగతా వాళ్ళు విని ఏం చేస్తారు, చప్పట్లు కొడతారు."

సోమవారం పిలుపు రాలేదు. మంగళవారం రాలేదు. ఆ రెండు రోజులూ నత్త బడికొచ్చి వెనక బెంచీలో కూర్చుంది, నేనేం చెప్తున్నానో నాకే తెలియలేదు. బుధవారం కబురొచ్చింది. కుట్టుమిషను ఇవ్వలేదు. పదకొండేళ్ళ పనితనం పక్కన పెట్టి, దారాలు కత్తిరించే చోటికి మార్చారు. పొద్దస్తమానం నిలబడి చేసే పని. ఆ సూది కనిపెట్టే మిషను మాత్రం ఇప్పుడు ఆపడం లేదట, ఎంత కూసినా. ఒకరోజు దారిలో కనిపిస్తే ఎలా ఉందమ్మా అని అడిగాను. "కాళ్ళు లాగేస్తున్నాయి మేడం" అంది. "నిద్ర మాత్రం పడుతోంది."

పరీక్షలైపోయాయి, సెలవులైపోయాయి, మళ్ళీ బడి తెరిచారు. నత్త ఇప్పుడు పదో తరగతి. వారం రోజులు చూశాను, నా టేబులు మీదికి పుస్తకం రాలేదు. ఉండబట్టలేక వరండాలో నేనే ఆపాను.

"రాయడం మానేశావా ఏం?"

"లేదు మేడం, రోజూ రాస్తున్నా."

"మరి చూపించవే?"

కాసేపు నా ముఖంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే నాకు బాగుండేది.

"ముందు అమ్మకి చదివి వినిపిస్తున్నా మేడం. అమ్మ సరేనంటే మీకు తెస్తా."

సరే అన్నాను. ఇది జరిగి రెండు నెలలైంది. రోజూ పొద్దున టేబులు ఒక పక్క ఖాళీ చేసి ఉంచుతున్నాను. ఇంకా ఏదీ రాలేదు.